మావాళ్ళ మీద జోకు నేనేస్తే తప్పా?

మైకు ముందు: పాఠకుల ఉత్తరాలు, అక్క జవాబులు

గత సంచికలో చార్లీ హిల్ గురించి పది లైన్లు రాశాను. అమెరికాలో ఒనైడా తెగకు చెందిన స్టాండప్ కమెడియన్. 1977లో రిచర్డ్ ప్రయర్ టీవీ షోతో దేశానికి పరిచయమయ్యాడు, 2013లో పోయాడు, 2022లో ఆయన పుట్టినరోజుకి గూగుల్ తన మొదటి పేజీలో ఆయన బొమ్మ పెట్టింది. ఇంతకంటే ఎక్కువేమీ రాయలేదు. కానీ ఏజెన్సీ ఊళ్ళ నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి, ఒకటి మెల్‌బోర్న్ నుంచి కూడా వచ్చింది. సినిమా ఛాన్సుల గురించి అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, మీ వంతు వచ్చే నెల. ఈసారి పేజీలన్నీ వీళ్ళవే.

*

అక్కా, రామ్ రామ్. మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. దండారి పండుగ రాత్రుల్లో మా జట్టు కట్టే ఖేల్‌లో, అంటే చిన్న నాటకంలో, నవ్వించే వేషం నాదే. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చి, కొత్తవాళ్ళెవరైనా ఎక్కి జోకులు చెప్పే ఓపెన్ మైక్‌లో స్పాట్ తీసుకున్నాను. హోస్టు నన్ను "డైరెక్ట్‌గా అడవి నుంచి వచ్చిన మన తమ్ముడు" అని పిలిచాడు. నేను నోరు విప్పకముందే జనం నవ్వారు. మా పెళ్ళి సంబంధాల మీద చెప్పిన జోకు మాత్రం పేలలేదు. దిగాక ఒకాయన "మీ గుస్సాడీ డాన్సు స్టెప్పు వేసుంటే అదిరిపోయేది" అన్నాడు. ఇందులో నాకు కెరీర్ ఉందంటారా? తెలుగులో చెప్పాలా, గోండిలోనా? మావాళ్ళ మీద నేనే జోకులేస్తే పెద్దమనుషులు ఏమంటారు? (పేరు వద్దు, ఉట్నూరు)

తమ్ముడూ, రామ్ రామ్.

ముందు ఆ హోస్టు సంగతి. స్టేజీ ఎక్కే ముందే అతని చెవిలో చెప్పు: "నా పేరు, మా ఊరి పేరు, అంతే. ఇంకేమీ వద్దన్నా." ఇది పొగరేం కాదు. నువ్వు మాట్లాడకముందు వచ్చిన నవ్వు అతనిది. ఆ నవ్వు మీద నువ్వేం కట్టినా నిలవదు. వినకపోతే అతను అన్న మాటనే మొదటి పంచ్ చేసుకో. "అడవి నుంచి కాదన్నా, ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి. అక్కడ బతికి బయటపడ్డం ఇంకా కష్టం" అను. గది నీది అయిపోతుంది.

ఇక పేలని జోకు. ఉత్తరంలో నువ్వు రాసిపంపిన బిట్ చదివాను. అందులో సరుకుంది, లేనిదల్లా కత్తెర. నువ్వు చెప్పిన తీరు ఇది: "మా గోండుల్లో నాలుగు దేవుళ్ళ వాళ్ళు, ఐదు దేవుళ్ళ వాళ్ళు, ఆరు, ఏడు అని సగలుంటాయి. ఒకే సగ వాళ్ళు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ వరస. వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. అందుకని సంబంధం చూసేముందు..." ఐదు నిమిషాల స్పాట్‌లో రెండు నిమిషాలు దీనికే పోయాయి. జనం పోటీ పరీక్షల కోచింగ్‌లో కూర్చున్నట్టు కూర్చుని ఉంటారు, ఇద్దరు నోట్స్ రాసుకున్నా ఆశ్చర్యపోను.

ఇలా చెప్పి చూడు: "బస్సులో ఒకమ్మాయి నచ్చింది. మీరైతే ఇన్‌స్టా ఐడీ అడుగుతారు. నేను 'మీ ఇంట్లో దేవుళ్ళెంతమంది?' అనడిగా. 'ఏడుగురు' అంది. నాకూ ఏడుగురే. 'సరే చెల్లీ, జాగ్రత్తగా వెళ్ళు' అన్నా."

సగ అనే మాటే రాలేదు. అయినా గదిలో ప్రతి ఒక్కరికీ నియమం అర్థమైపోయింది, ఎందుకంటే 'చెల్లీ' దగ్గర వాళ్ళే లెక్క కట్టుకుంటారు. 'చెల్లీ' అన్నాక ఒక్క క్షణం ఆగు. వెంటనే మాట్లాడితే వచ్చే నవ్వును నువ్వే మింగేసినట్టు. తర్వాత అమ్మాయి ముఖం ఎలా పెట్టిందో చేసి చూపించు. ఖేల్‌లో ఆరితేరినవాడివి, అది నీకు నేను నేర్పక్కర్లేదు.

చార్లీ హిల్ జోకుల్లో బాగా పేరుపడ్డది కూడా ఇదే పద్ధతి. మావాళ్ళది విస్కాన్సిన్ అంటాడు. అంతకుముందు న్యూయార్క్ అంటాడు. మధ్యలో చిన్న రియల్ ఎస్టేట్ గొడవ వచ్చిందంటాడు. అంతే! ఒనైడాల నేల నిజంగానే న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేది. 1820ల నుంచి వాళ్ళలో చాలామంది అది వదిలి విస్కాన్సిన్‌కి తరలిపోవాల్సి వచ్చింది. ఒప్పందాలు, మోసాలు, ఒత్తిళ్ళు అన్నీ ఉన్న ఆ చరిత్ర చెప్పాలంటే గంట పడుతుంది. ఆయన దాన్ని ఎదురుగా కూర్చున్న తెల్లవాళ్ళు రోజూ వాడే వ్యాపార మాటలో పెట్టేశాడు. తప్పు చేసినవాళ్ళ భాషలోనే తప్పును చెప్పాడు, అదీ గొంతు పెంచకుండా.

హైదరాబాద్‌లో ఏ నలుగురు కూర్చున్నా మాట్లాడుకునేది ప్లాట్లు, వెంచర్లే కదా. నీ దగ్గర 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ఉంది, మీ గూడెంలో పిల్లాడిక్కూడా 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటే తెలుసు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని చట్టం. ఆ చట్టం ఉండగానే ఎలా పోయిందో మీ తాతల దగ్గర కథలుంటాయి. ఈ రెండూ కలిసేచోట నీ జోకు ఉంది. అది నేను రాసిపెట్టను. నేను రాస్తే ప్లాటు కొన్నవాళ్ళ వైపు నుంచి వస్తుంది.

భాష సంగతి. నీకు ఒక సెట్ కాదు, రెండు కావాలి. ఉట్నూరులో గోండిలో చెప్పేటప్పుడు దేవుళ్ళ లెక్క జోకు నడవదు, అది వాళ్ళకి నవ్వే కాదు, రోజువారీ సంగతి. అక్కడ నవ్వు రావాల్సింది హైదరాబాద్ మీద. 1940ల్లో తెగల మీద పరిశోధన చేసే హైమన్‌డార్ఫ్ దొర మీ వైపు మార్లవాయి గూడెంలో మకాం పెట్టి మీ ఆచారాలన్నీ రాసుకున్నాడు. నువ్వు అమీర్‌పేట హాస్టల్లో మంచం వేసుకుని వీళ్ళ ఆచారాలు రాసుకో. ఉదయాన్నే పార్కులో గుంపుగా నిలబడి ఏ కారణం లేకుండా నవ్వే తెగ ఒకటుంది, లాఫింగ్ క్లబ్ అంటారు. కుక్కకి పుట్టినరోజు కేకు కోసే తెగ ఇంకొకటి. గోండిలో ఆ సెట్ తయారయ్యాక దాన్నే తెలుగులోకి తెచ్చి హైదరాబాద్‌లో చెప్పు. తమని ఒకడు ఇలా పరీక్షగా చూస్తున్నాడని ఇక్కడివాళ్ళకి ఎప్పుడూ తట్టలేదు. నాకు తెలిసి నీ అసలు పంట అదే.

పెద్దమనుషుల భయం గురించి. ఖేల్‌లో అత్తని, పట్వారీని, తాగుబోతు మొగుణ్ణి అందర్నీ ఏకిపారేస్తారు కదా, ఎవరైనా ఆపారా? నవ్వు మీవాళ్ళకి కొత్త కాదు. ఎక్కడ ఆగాలో మాత్రం బయటివాళ్ళు కాదు, వాళ్ళే చెప్పాలి. కొత్త బిట్ ఏదైనా ముందు మీ ఊళ్ళో పెద్ద వయసు ఆడవాళ్ళకి చెప్పు. వాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారంటే పాసైనట్టే. నీ మాట విన్నాక మాట మార్చి పశువుల సంగతి ఎత్తారంటే ఆ బిట్ తీసెయ్.

గుస్సాడీ స్టెప్పు అడిగినవాడికి 'లేదన్నా' చాలు. ఆ నెమలి ఈకల టోపీకి మీవాళ్ళు పూజ చేస్తారు. కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఆ ఆటకే. స్టాండప్ చివర్లో బోనస్‌గా పడేసేది కాదది. అలాగే ఎవరో ఒకరు తప్పకుండా "ఇంద్రవెల్లి మీద ఏమైనా చెప్పు, హెవీగా ఉంటుంది" అంటారు. అక్కడ 1981 ఏప్రిల్ 20న గోండుల మీద పోలీసులు జరిపిన కాల్పుల గురించి ఎప్పుడు మాట్లాడాలో, అసలు మాట్లాడాలో వద్దో నీ ఇష్టం. షో బరువెక్కడానికి మాత్రం మాట్లాడకు.

*

నమస్తే అక్కా. మేము కోయలం, దుమ్ముగూడెం వైపు. మా తమ్ముడు డీఎస్సీ కోచింగ్ మానేసి కామెడీ అంటూ తిరుగుతున్నాడు. ఫోన్లో వీడియోలు తీస్తాడు, ఊళ్ళో అందరూ నవ్వుతారు. నవ్వితే బియ్యం వస్తాయా? వాడికి మీరైనా బుద్ధి చెప్పండి. (ఓ అక్క, భద్రాచలం)

చెల్లీ, బుద్ధి సంగతి తర్వాత, ముందు పైసల సంగతి మాట్లాడుకుందాం.

సిటీలో ఓపెన్ మైక్‌కి డబ్బులివ్వరు. కొన్నిచోట్ల ఎదురు మనమే కట్టాలి. పేరొచ్చి, గంట సేపు ఒక్కడే నిలబెట్టగలిగిన రోజున టికెట్ డబ్బు, కార్పొరేట్ షోలు వస్తాయి. అక్కడికి చేరేలోపు చాలామంది వెనక్కి తిరిగిపోతారు. ఆ దారి ఒక్కటే చూస్తే మీ భయం న్యాయమే.

కానీ అమెరికా మూలవాసుల్లో ఈ పని మీద బతుకుతున్నవాళ్ళని చూస్తే లెక్క వేరేగా ఉంది. లాస్ ఏంజెలిస్ క్లబ్బులు వాళ్ళని పెద్దగా పట్టించుకోలేదు. 1988లో తెగల నేల మీద జూదశాలలకి సంబంధించిన గేమింగ్ చట్టం వచ్చాక తెగలు తమ నేల మీద కాసినోలు పెట్టుకున్నాయి, కాసినోతో పాటు ఒక హాలు, ఒక స్టేజీ వచ్చాయి. కాసినోల మంచిచెడ్డల మీద వాళ్ళలోనే బోలెడు వాదన ఉంది, అది అలా ఉంచుదాం. స్టేజీ అయితే వచ్చింది. దానికి తోడు పౌవౌ పండుగలు, తెగల కాలేజీలు, ఆరోగ్య సదస్సులు. నవాహోల్లో జేమ్స్ జూన్స్, ఎర్నీ సోసీ అని ఒక జంట ఉంది. తాగుడు మానడం గురించి తమవాళ్ళ మధ్యే నవ్విస్తూ చెప్పి పేరు తెచ్చుకున్నారు. వాళ్ళకి మొదట అన్నం పెట్టింది బయటి నగరాలు కాదు, సొంత జనం.

మనకి కాసినోలు లేవు, పుణ్యం. ఆశ్రమ పాఠశాలలున్నాయి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ప్రతి మండలంలో స్టేజీ వేస్తారు. ఉద్యోగ సంఘాల సభలు, మలేరియా, రక్తహీనత మీద అవగాహన కార్యక్రమాలు ఉంటాయి. కోయ భాషలో పది నిమిషాలు నవ్వించి దోమతెర గురించి చెప్పగలిగినవాడు ఎంతమంది ఉన్నారు? అధికారి తెలుగులో ఉపన్యాసమిస్తుంటే మీ ఊరి ముసలమ్మలు కునికిపాట్లు పడటం మీరు చూసే ఉంటారు. అక్కడ మీ తమ్ముడికి పనుంది. ఎంతిస్తారో ముందే కాయితం మీద రాయించుకోమనండి, రానూపోనూ ఖర్చు వేరుగా. సర్కారు బిల్లు ఆలస్యమవుతుంది కాబట్టి ఆ డబ్బు మీద అప్పు చేయొద్దనండి. "మనోడే కదా, ఫ్రీగా చెయ్" అనేవాళ్ళు మొదట చుట్టాల్లోనే తగులుతారు, వాళ్ళ సంగతి మీరు చూసుకోండి.

డీఎస్సీ కూడా రాయమనండి. టీచర్ అయితే నలభైమంది పిల్లలు రోజూ ఎదురుగా కూర్చుంటారు, లేచి పోవడానికి లేదు. ఏ కమెడియన్‌కి దొరుకుతుంది ఆ అదృష్టం?

*

మేడమ్, నేను మిమిక్రీ ఆర్టిస్టుని. కోయదొర ఐటమ్‌కి నాకు మంచి పేరు. తలకి ఈకలు, మెడలో పూసలు, "కొండదేవర పలుకుతాంది దొరా" అని మొదలెడితే చప్పట్లే చప్పట్లు. ఈమధ్య కాలేజీ ఫంక్షన్‌లో ఒక కుర్రాడు లేచి "మేం అలా మాట్లాడం" అన్నాడు. కామెడీని కామెడీగా చూడాలి కదా? (రాజమండ్రి)

చూస్తున్నాను. కామెడీగానే మీ ఐటమ్ పాతబడింది.

మన మిమిక్రీకి పెద్దదిక్కు నేరెళ్ళ వేణుమాధవ్ గారు. మా వరంగల్ మనిషి కాబట్టి కాస్త గర్వంగానే చెబుతున్నాను. ఆయన పట్టుకున్నది మనుషుల్ని. ఆ నటుడు ఇలా దగ్గుతాడు, ఈ నాయకుడు ఇక్కడ మాట విరుస్తాడు, అదంతా చెవిపెట్టి వినకుండా రాదు. మరి మీ కోయదొర గొంతు ఎవరిది? మీరు ఎవర్ని విని నేర్చుకున్నారు? పాత సినిమాలో ఒక నటుణ్ణి. ఆ నటుడు ఇంకొకర్ని చూసి నేర్చుకున్నాడు. వెనక్కి వెనక్కి పోతే చివర్లో కోయ మనిషి ఎవరూ తగలరు. గోదావరికి అటూ ఇటూ వరి, పత్తి, మిరప పండించుకునే కోయలు లక్షల్లో ఉన్నారు, రాజమండ్రి నుంచి చింతూరుకి బస్సుంది. ఒకసారి వెళ్ళి వినండి. కోయ భాష గోండికి దగ్గరి చుట్టం, మీ ఐటమ్‌లోని యాసకి దానికీ సంబంధమే లేదు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు కోయ వీరుల కథలు డోలు మీద పాడి వినిపించేవారు. కోయ గొంతు అంటే అదీ.

హాలీవుడ్ కౌబాయ్ సినిమాలు ఇదే పని చేశాయి. ఈకలు పెట్టి, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడించి 'ఇండియన్' అన్నారు. చార్లీ హిల్ తరం స్టేజీ ఎక్కేసరికి ఎదుటివాడి బుర్రలో ఆ బొమ్మే ఉండేది. ముందు దాన్ని కడిగితే గానీ సొంత మాట చెప్పడానికి వీలయ్యేది కాదు. పైన ఉత్తరం రాసిన ఉట్నూరు తమ్ముడు నోరు విప్పకముందే జనం ఎందుకు నవ్వారనుకున్నారు? మీలాంటి ఐటమ్‌లు చూసి చూసి.

కాలేజీలో లేచిన కుర్రాడి నంబరు దొరుకుతుందేమో కనుక్కోండి. మీ స్పాట్‌లో సగం అతనికివ్వండి. మిగతా సగానికి మీకు వేరే గొంతులు లేకపోవు.

*

అక్కా, మెల్‌బోర్న్ నుంచి రాస్తున్నాను. ఇక్కడి కామెడీ ఫెస్టివల్‌లో అబోరిజినల్, అంటే ఈ దేశపు మూలవాసి, కమెడియన్ల షోకి వెళ్ళాం. తెల్లవాళ్ళ మీద జోకులకి పడీపడీ నవ్వాం. తర్వాత "వలస వచ్చినవాళ్ళు" అని మా వరస కుర్చీల వైపు చూసేసరికి గప్‌చుప్ అయిపోయాం. మేమూ అందులోనే ఉన్నామా అని కారులో ఇంటిదాకా వాదనే. ఇంకో సంగతి, మా తెలుగు సంఘం ఉగాదికి ఒక అబోరిజినల్ కమెడియన్‌ని పిలుద్దామనుకుంటోంది. ఎలా పిలవాలి?

వాదనకి జవాబు: ఉన్నారు. ఇల్లు కొనుక్కున్నారు కదమ్మా. నవ్వండి, తప్పులేదు. ఆ చూపు కూడా టికెట్లో భాగమే.

ఆ ఫెస్టివల్ వాళ్ళే 2007 నుంచి 'డెడ్లీ ఫన్నీ' అని మూలవాసుల కోసం ప్రత్యేకంగా పోటీ నడుపుతున్నారు. నాకు అందులో నచ్చింది పోటీ కాదు, దాని ముందు జరిగే శిక్షణ. ఎప్పుడూ మైకు పట్టనివాళ్ళని కూర్చోబెట్టి అనుభవమున్న కమెడియన్లు దగ్గరుండి బిట్ తయారుచేయిస్తారు. వేరే వేరే ఊళ్ళలో తొలి రౌండ్లు పెట్టి ఫైనల్‌కి మెల్‌బోర్న్ రప్పిస్తారు. 2014లో గెలిచిన స్టెఫ్ టిస్‌డెల్ ఇప్పుడు టీవీలో తెలిసిన ముఖం. మన దగ్గర అలాంటిది ఒక్కటి మొదలైతే ఈ పేజీలో నాకు పని తగ్గుతుంది.

పిలిచే సంగతి. సంఘం పెద్దలు తప్పకుండా "ఎలాగూ వస్తున్నారు కదా, వెల్‌కమ్ టు కంట్రీ కూడా ఆమే చెప్పేస్తారు, ఒకే ఖర్చు" అంటారు. వద్దు. ఆ స్వాగతం ఆ నేలకి సొంతమైన తెగ పెద్దలు చెప్పాలి. మెల్‌బోర్న్ నేల వురుంజెరి, బునురోంగ్ వాళ్ళది. స్టెఫ్ టిస్‌డెల్‌నే తీసుకోండి, ఆమె క్వీన్స్‌లాండ్ యిడిన్‌జి మనిషి. మీ ఊళ్ళో ఆమె కూడా అతిథే. దానికి వేరుగా అడగండి, వేరుగా ఫీజు ఇవ్వండి.

కమెడియన్‌కి డబ్బు పూర్తిగా ఇవ్వండి. "మా కమ్యూనిటీలో మీకు పబ్లిసిటీ వస్తుంది" అనే మాట మన సంఘాల నోట చాలామంది విన్నారు. షో భోజనాలకి ముందు పెట్టండి. పులిహోర వాసన హాల్లోకి వచ్చాక ఏ దేశపు కమెడియన్ కూడా నిలబడలేడు. పిల్లల డాన్సులు అన్నీ అయ్యాక, మైకు సెట్టు మార్చి, ముందు వరసలో వీఐపీ సోఫాలు తీసేసి మామూలు కుర్చీలు వేయండి. సోఫాలో కూర్చున్నవాడు నవ్వడు.

*

నేను లంబాడీ అమ్మాయిని. నాన్న రైల్వే ఉద్యోగం, సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగాను. తండా చూసింది పెళ్ళిళ్ళకే. మా గోర్ బోలి అర్థమవుతుంది గానీ మాట్లాడితే మా పెద్దమ్మ నవ్వుతుంది. నాలాంటిదానికి 'ట్రైబల్ కమెడియన్' అని చెప్పుకునే హక్కుందా?

చార్లీ హిల్ పుట్టింది ఎక్కడనుకున్నావు? డెట్రాయిట్‌లో, కార్ల ఫ్యాక్టరీల ఊళ్ళో. తర్వాత చిన్నతనంలోనే కుటుంబం ఒనైడా రిజర్వేషన్‌కి, అంటే ఆ తెగకి కేటాయించిన నేలకి, చేరింది. అమెరికాలో '1491లు' అని ఒక కామెడీ జట్టుంది. కొలంబస్ రాకకి ముందు సంవత్సరాన్ని పేరుగా పెట్టుకున్నారు. 2009 నుంచి యూట్యూబ్‌లో చిన్న చిన్న స్కిట్లు పెట్టారు. వాటిలో తమవాళ్ళ డాంబికాన్ని కూడా బాగా ఆటపట్టించారు, 'నేనే అసలైన ఇండియన్' అని ఫోజు కొట్టేవాళ్ళని మరీను. వాళ్ళలో ఒకడైన స్టెర్లిన్ హార్జో 2021లో మొదలైన 'రిజర్వేషన్ డాగ్స్' అనే టీవీ సీరీస్ సృష్టికర్తల్లో ఒకడు. ఆ సీరీస్‌ని మూలవాసులే రాసి, తీసి, నటించి మూడు సీజన్లు నడిపారు. నువ్వు అడిగిన హక్కు ప్రశ్నని వాళ్ళు అర్జీ పెట్టుకుని తేల్చుకోలేదు, స్కిట్ చేసేశారు.

మీ పెద్దమ్మ నవ్వుతుందన్నావు చూడు, అక్కడ ఆగు. ఏ మాట దగ్గర నవ్వుతుంది? నువ్వు ఏమనబోయి ఏమన్నావు? పెళ్ళిలో ఎవరి ముందు జరిగింది? అది ఫోన్లో రికార్డు చేసుకో, ఆమె నవ్వుతో సహా. ఐదు నిమిషాలకి మించకుండా ఆడియో చేసి పత్రిక చిరునామాకి పంపు. 'ట్రైబల్ కమెడియన్' అని పైన రాయక్కర్లేదు, నీ పేరు రాస్తే చాలు. మీ పెద్దమ్మ పర్మిషన్ మాత్రం తీసుకో, లేకపోతే వచ్చే నెల ఉత్తరం ఆవిడ దగ్గర్నుంచి వస్తుంది.